దేవరకొండలో ఒక ఆదివారం, మా ఆటలోని మాంసం కొట్టు కోసం

నెలకు రెండు శనివారాలు మా ఇంట్లో ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఊరినీ మనుషులనూ కల్పించి కథ నడిపే పని నాది, మిగతా నలుగురు అందులో పాత్రలు. వాళ్లు తలపెట్టిన పని ఫలిస్తుందో లేదో పాచికలు వేసి తేలుస్తాం. మా కథ జరిగే ఊరు ఏడుగుట్టలపేట. కొండ మీద కోట, కింద బజారు, బజారు చివర ఒక కుటుంబం నడిపే మాంసం కొట్టు. మావాళ్లు మొదటిసారి ఆ కొట్టుకు వచ్చి, మాంసం కొని, రెండు నిమిషాల్లో వెళ్లిపోయారు. తప్పు వాళ్లది కాదు. కొట్టాయనకు ఒక పేరు, ఒక కత్తి తప్ప నేనేమీ ఇవ్వలేదు. నాకు చాలా బాధనిపించింది. మా తమ్ముణ్ని వెంటబెట్టుకుని దేవరకొండ బయల్దేరాను. ఏడు గుట్టల నడుమ కట్టిన కోట అక్కడుంది, నా ఊరికి పేరు వచ్చిందీ అక్కడి నుంచే.

హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్లాం. ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుని, కొండమల్లేపల్లి దగ్గర దేవరకొండ వైపు తిరగాలి. కోట వరకే అయితే బస్సు చాలు. అక్కడి నుంచి సాగర్ కూడా వెళ్లాలనుకుంటే సొంత బండి ఉంటే నయం.

బస చేసింది బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో. గదికి 900. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున వేడినీళ్లు వస్తాయని చెప్పి డబ్బు తీసుకున్నారు, రాలేదు. రెండుసార్లు కిందికి దిగి అడిగితే మోటారు పాడైందన్నారు. ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. రాత్రంతా బస్సుల హారన్లు. పిల్లలతో వచ్చేవాళ్లు సాగర్‌లోనే ఉండి, పొద్దున్నే ఇక్కడికి రావడం మంచిది. మాకు మాత్రం తెల్లారేసరికి మాంసం కొట్టు ముందు ఉండాలి కాబట్టి లాడ్జి తప్పలేదు.

కోట శనివారం సాయంత్రం ఎక్కాం. రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల్లోనే మరో శాఖ ఇక్కడి నుంచి పాలించింది. రాతి గోడ గుట్టల వంపుల వెంట ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఒక ద్వారం దాటగానే దారి మలుపు తిరుగుతుంది, వెనక వచ్చేవాళ్లు కనిపించరు. ఆటకు మ్యాపు గీసుకునేవాళ్లు ఈ మలుపుల కోసమైనా ఒకసారి రావాలి. దారిలో ముళ్లకంప ఎక్కువ, చెప్పులతో ఎక్కొద్దు. నీళ్లు కింది నుంచే మోసుకెళ్లాలి.

అసలు పని ఆదివారం పొద్దున ఐదున్నరకు. చిన్న రేకుల కొట్టు, ముందు నాలుగు కొక్కేలు, మధ్యలో మనిషి నడుమెత్తు చింతమొద్దు. ముల్లా వచ్చి హలాల్ చేసి వెళ్లాక తోలు తీయడం మొదలైంది. తోలు ఒలిచేది కొడుకు. తోలుకు గాటు పడితే ధర పడిపోతుంది, అందుకే ఆ పని ఓపికున్నవాళ్లకే ఇస్తారట. మొద్దు మీద కొట్టేది పెద్దాయన. తూకం, డబ్బులు, ఖాతా పుస్తకం కోడలి చేతిలో. తలకాయ, కాళ్లు కాల్చి గీకేది చిన్న మనవడు. కొట్టు వెనక వేడినీళ్లు, సున్నం పెట్టుకుని అవ్వ బోటి కడుగుతోంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. చేయి చాపితే కత్తి అందుతోంది.

చింతమొద్దే ఎందుకని అడిగాను. ఎంత కొట్టినా పొట్టు లేవదు, మాంసంలో చెక్క కలవదు అన్నాడు పెద్దాయన. రాత్రి కొట్టు మూసేటప్పుడు మొద్దును గీకి ఉప్పు రుద్ది పెడతారట. ఆరు గంటలకే జనం నిండిపోయారు. “తొడ ముక్క వెయ్యి”, “కార్జం కొంచెం కలుపు”, “నల్లి బొక్క మా పిల్లగాడికి” అని తలా ఒక మాట. పెద్దాయన తల ఎత్తకుండానే ఎవరికేం కావాలో గుర్తుపెట్టుకున్నాడు.

“మెత్తటి ముక్క ఎవరైనా అడుగుతరు అక్కా. బోటి అడిగేటోళ్లే అసలు గిరాకీ” అన్నాడు నాతో.

ఆట నియమాల పుస్తకం ఐదో ఎడిషన్‌లో మేక ధర ఒక బంగారు నాణెం, గొర్రె ధర రెండు, ఒక మాంసం ముక్కకు మూడు వెండి నాణేలు. ఇక్కడ మాత్రం మేకదైనా గొర్రెదైనా కిలో రేటు ఒకటే, ఆ రోజు 800. ఆ పట్టికలో తలకాయకు ధర లేదు, కాళ్లకు లేదు, బోటికీ తోలుకూ లేదు. ఈ ఇంటి లెక్క సగం వాటి మీదే నడుస్తోంది. నాకు కావలసింది అక్కడే దొరికింది. ఏ భాగం ఎవరి చేతికి వెళ్తుందో తెలిస్తే, ఆ ఊళ్లో ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసిపోతుంది.

అర కిలో బోటి కొన్నాను. లాడ్జి పక్క మెస్సులో వండి పెడతారా అని అడిగితే, మెస్సు నడిపే ఆవిడ 100 తీసుకుని చింతపులుపు పోసి, జొన్నరొట్టెలతో పెట్టింది. ముందురోజు రాత్రి వేరే హోటల్లో తిన్న మటన్ కూర గుర్తుచేసుకోవడం కూడా అనవసరం.

మధ్యాహ్నం సాగర్ వెళ్లాం. రెండో రాత్రి టూరిజం వాళ్ల హరిత విజయ విహార్‌లో. గదికి లాడ్జికన్నా రెండింతలకు పైనే అయింది, కానీ కిటికీ తీస్తే జలాశయం. ఆ నిద్రకు డబ్బు దండగ కాలేదు. 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు, ఎండలో నడిచి చూడటం కష్టం, సాయంత్రం పెట్టుకోండి. నాగార్జునకొండ లాంచీకి టైం చాలలేదు.

మళ్లీ శనివారం ఆట. ఈసారి ఏడుగుట్టలపేట కొట్టులో చింతమొద్దు ఉంది, వెనక బోటి కడిగే అవ్వ ఉంది, వారానికోసారి తోళ్లు కొనుక్కుని కోట దాకా వెళ్లే బేరగాడు ఉన్నాడు. కోటలోకి దారి వెతుకుతున్న మావాళ్లు కత్తి పట్టిన పెద్దాయనను వదిలేసి, అవ్వ దగ్గర కూర్చున్నారు. దొంగ పాత్ర ఆడే అమ్మాయి నీళ్లు తోడి పెడతానంది. పాచికలు వేయకుండానే గంటన్నర గడిచింది. చివరికి అవ్వ ఆ పిల్లకు కార్జం ముక్క పొట్లం కట్టి ఇచ్చి, తోళ్ల బండి ఎప్పుడొస్తుందో చెప్పింది.