మణి ఎవరి చేతిలో ఉంది?

ఈ వానల్లో రెండు పుస్తకాలు పక్కపక్కనే పెట్టుకుని చదివాను. ఒకటి 'కాశీమజిలీ కథలు' మొదటి సంపుటం. రెండోది మన ఏజెన్సీ భూముల గొడవ మీద ఒకాయన రాసిన రాజకీయ పుస్తకం. విజయనగరంలో మా ఇంట్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న మేనకోడలు రెండూ అటూ ఇటూ తిప్పి, "ఏటి మావయ్యా, ఒకటి మాయలూ మంత్రాలూ, ఇంకోటి సిలబస్సూ. ఏది మేలు?" అంది. అప్పటికప్పుడు చెప్పలేకపోయాను.

మధిర సుబ్బన్న దీక్షితుల పుస్తకంలో మణిసిద్ధుడు కాశీకి బయల్దేరతాడు. తోడుగా వచ్చే గొల్లపిల్లాడు గోపడు ఒక షరతు పెడతాడు: ప్రతి మజిలీలోనూ తాను చూసిన వింతకి కథ చెప్పాలి. సిద్ధుడి దగ్గరున్న మణి మహిమ వల్ల ఆయనకి అన్నీ తెలిసిపోతాయి. గ్రాంథికం మొదట్లో ఇబ్బంది పెడుతుంది. పైకి చదివితే పది పేజీల్లో అలవాటవుతుంది. కరెంటు పోయిన ఒక రాత్రి మా అమ్మకి ఫోను వెలుతురులో చదివి వినిపించాను. కరెంటు వచ్చాక కూడా ఆపనివ్వలేదు. మొత్తం పన్నెండు సంపుటాలని మాత్రం ఆవిడకి చెప్పలేదు.

రెండోది అలా సాగదు. అందులో ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్నవాళ్లని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకున్నారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి మా విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదల్లేదు, జిల్లా పేరే రెండుసార్లు మారింది.

ఆ తర్వాత 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ గురించి రాశాడు. జనం దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనులకే అమ్మాలన్న సంగతి నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. అంతకుముందు కాగితం లేని గిరిజనుడు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఇప్పుడు రుజువు బరువు రెండోవాడి నెత్తిన పడింది. అమలు ఎలా జరిగిందన్నది వేరే సంగతి. కానీ చట్టంలో ఒక్క వాక్యం ఇంత పని చేయగలదని నాకు ఏ నవలా చెప్పలేదు.

ఇంతవరకూ రాజకీయ పుస్తకానిదే పైచేయి. తర్వాతి అధ్యాయంలో చిరాకేసింది. తలుపులేసుకున్న గదిలో ఇద్దరు నాయకులు ఏం మాట్లాడుకున్నారో, ఒక షావుకారు ఆ రాత్రి పడుకుని ఏమనుకున్నాడో ఈయన దగ్గరుండి చూసినట్టే రాసేశాడు. ఎవరు చెప్పారు? ఎక్కడా లేదు. అంటే ఈయన చేతిలోనూ మణి ఉందన్నమాట! మణిసిద్ధుడు నయం, తన దగ్గర మణి ఉందని ముందే చెప్పాడు. ఈయన దాన్ని చొక్కా జేబులో దాచుకుని చరిత్ర అంటున్నాడు.

అందుకే నా లెక్క ఇలా తేలింది. కాగితాలూ తేదీలూ, ఎవరు చెప్పారన్న ఆనవాళ్లూ చూపిస్తూ రాసిన రాజకీయ పుస్తకం దొరికితే మిగతావన్నీ పక్కన పెట్టి అదే చదవాలి. జేబులో మణి పెట్టుకుని రాసిన పుస్తకమైతే దానికంటే కాశీమజిలీయే మేలు. మాయకి మాయ, నిద్రా బాగా పడుతుంది. పరీక్షకి ఏది పనికొస్తుందంటే రెండోదే, అందులో చర్చే లేదు.

మా మేనకోడలికి రెండోదే ఇచ్చి, ఆ ఒక్క అధ్యాయం నమ్మకు అన్నాను. పది రోజులకి తిరిగొచ్చింది పుస్తకం. నేను చెప్పిన అధ్యాయంలో ఏమీ రాయలేదు. నేను గబగబా దాటేసిన అరవయ్యో పేజీ అంచున మాత్రం పెన్సిలుతో రాసింది: "ఇది ఈయనకెలా తెలుసు?"