మీదికెళ్ళి ఆడే బాక్సర్లకు ఈ వీడియో కోర్సు పనికొస్తుందా?

నా చేతులు పొట్టి. ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో తిన్నగా విసిరే పంచ్) నా మొహానికి తగిలే దూరంలో నా జాబ్ గాల్లోనే ఆగిపోతుంది. దూరంగా నిలబడి పాయింట్లు ఏరుకునే ఆట నాకు కుదరదు, మీదికెళ్ళాల్సిందే. అలాంటివాళ్ళ కోసమేనంటూ అమ్ముతున్న ఆన్‌లైన్ కోర్సు ఇది. మీదికెళ్ళి ఆడటంలో పేరున్న బాక్సర్లు చావెజ్, ఫ్రేజియర్, టైసన్, హ్యాగ్లర్‌ల పద్ధతులు విడదీసి నేర్పుతారు.

చావెజ్ పాఠానికే నా డబ్బులు గిట్టుబాటయ్యాయి. నేల మీద టేపుతో గీతలు గీసి, కెమెరాను కిందికి దించి పాదాలే చూపిస్తారు. చావెజ్ ఎవరి వెనకాలా పరిగెత్తడు. ఎదుటివాడు పక్కకు జరిగితే తనూ అటే అడ్డంగా ఒక అడుగేసి దారి మూసేస్తాడు. తప్పించుకునేవాడు పెద్ద చుట్టు తిరగాలి, చావెజ్‌కు ఆ ఒక్క అడుగు చాలు. రింగ్ తాళ్ళ దగ్గరికి చేర్చాక కూడా తొందరపడడు. తలకు ఒక పంచ్ చూపిస్తాడు, అడ్డం పెట్టుకున్న చేతులు పైకి లేవగానే లెఫ్ట్ హుక్ (మోచేయి వంచి పక్క నుంచి తిప్పి కొట్టే ఎడమచేతి పంచ్) పక్కటెముకల కింద, సరిగ్గా కాలేయం మీద దిగుతుంది. 1990లో మెల్డ్రిక్ టేలర్‌తో ఫైట్‌లో ఇద్దరు జడ్జీల లెక్కలో వెనకబడి ఉండి కూడా, 12వ రౌండ్ ఇంకా 2 సెకన్లుందనగా గెలిచాడు. అందరూ ఆ చివరి నిమిషమే చూపిస్తారు. వీళ్ళు మధ్య రౌండ్ల నుంచి మొదలుపెట్టి టేలర్ ఎలా అరిగిపోతూ వచ్చాడో చూపించారు. శభాష్ అనాల్సిందే.

ఫ్రేజియర్ పాఠమూ బాగుంది. నడుము కాదు, మోకాళ్ళు వంచాలి. తల ఎడమకు వంగితే బరువు ఎడమకాలి మీద పడుతుంది, హుక్ అక్కడి నుంచే లేస్తుంది. 1971 మార్చి 8న 15వ రౌండ్‌లో అలీని కింద పడేసిన హుక్‌ను స్లో మోషన్‌లో చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ 1973లో కింగ్‌స్టన్‌లో జరిగినదాని ఊసే లేదు! వంగుతూ వచ్చే ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ చేతులతో వెనక్కి నెట్టి, సరిపడా దూరం దొరకగానే అప్పర్‌కట్లు (కింది నుంచి పైకి లేపే పంచ్‌లు) కొట్టాడు. రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. మీదికెళ్ళడం నేర్పేవాళ్ళు ముందు చూపించాల్సిన ఫైట్ అది. దీని గురించి మెయిల్ పెడితే కృతజ్ఞతలు చెబుతూ జవాబొచ్చింది, అంతే.

టైసన్ పాఠం శుద్ధ దండగ. చెవులు చిల్లులు పడే మ్యూజిక్, వరసగా నాకౌట్లు, స్పింక్స్‌తో 91 సెకన్లలో ముగిసిన ఫైట్, మధ్యమధ్యలో ‘కోపాన్ని బయటికి తియ్యండి’ అంటూ కోచ్ అరుపులు. టైసన్‌ను తయారుచేసిన కోచ్ కస్ డి'అమాటో శిక్షణలో కోపానికి చోటేదీ? పంచింగ్ బ్యాగ్ మీద ఒక్కో చోటికి ఒక్కో నంబర్ ఉండేది, నంబర్ వినగానే ఆ పంచ్ పడాలి. తల తప్పించుకోవడం, కొట్టడం ఒకే కదలికగా అయ్యేదాకా అదే సాధన. ఇక్కడ అదేమీ చెప్పరు. కొత్త కుర్రాళ్ళు దీన్ని చూసి స్పారింగ్‌కు (ప్రాక్టీస్ ఫైట్‌కు) దిగితే మొదటి జాబ్‌కే ముక్కు పగులుతుంది.

హ్యాగ్లర్‌కు కేటాయించింది కాసేపే. 1985లో హర్న్స్ మీద ఆడిన మొదటి రౌండ్ చూడటానికి అద్భుతం. అది చూపించి ‘ఇలాగే మొదలుపెట్టండి’ అనడం మాత్రం అన్యాయం. ఆ దెబ్బలకు తట్టుకునే దవడ ఎంతమందికి ఉంటుంది?

వీడియో క్వాలిటీ బాగుంది, వేగం తగ్గించుకుని చూడొచ్చు. పాఠాలు విడివిడిగా కూడా అమ్ముతున్నారు కాబట్టి మొదటి రెండూ తీసుకోండి. మొత్తం ప్యాక్ తీసుకుంటే మాత్రం ఆటో రెన్యూవల్ ఆపేసుకోండి, ఆ బటన్ సెట్టింగ్స్‌లో బాగా అడుగున ఉంది.