గోల్ఫ్ మైదానానికి మొక్కలు: హనుమకొండ నర్సరీ సేవపై సమీక్ష

హనుమకొండ శివారులోని మా చిన్న గోల్ఫ్ సాధన మైదానం చుట్టూ చెట్లు, పొదలు ఎంపిక చేసి నాటే పనిని ఒక స్థానిక నర్సరీకి అప్పగించాము. ఏ మొక్క అందంగా ఉంటుందనే మాట ఎత్తకముందే, గ్రీన్ (బంతిని గుంతలోకి నెట్టే చోట పొట్టిగా కత్తిరించి ఉంచే గడ్డి నేల) మీద ఉదయపు ఎండ ఎటు నుంచి పడుతుంది, బంతి ఎక్కువగా ఎటు తప్పుతుంది అని వారు ఆరా తీశారు. వీరికి పని తెలుసునని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

గ్రీన్‌పై మేము పెంచుతున్నది గరిక జాతి గడ్డి; దానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలి. తూర్పున గుబురు చెట్టు ఉంటే రాత్రి మంచు తడి ఆలస్యంగా ఆరి గడ్డికి బూజు తెగుళ్లు సోకుతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలడం వల్ల అటువైపు చెట్ల నీడ కూడా పొడవుగా సాగుతుంది. అందుకే ఈ రెండు దిక్కులనూ ఖాళీగా వదిలి, వేప, కానుగ మొక్కలను పడమటి హద్దులో నాటారు. కుడిచేతి ఆటగాళ్లు కొట్టిన బంతి తరచుగా కుడివైపుకు వంకర తిరుగుతుంది కనుక, రోడ్డు ఉన్న ఆ అంచున పొగడ మొక్కలను రెండు వరుసల్లో, ఒకదాని సందున మరొకటి వచ్చేలా అమర్చారు. వేసవిలో పసుపు గుత్తులతో నిండే రేల నాకు చాలా ఇష్టం. అయితే మూరెడు పొడవుండే దాని కాయలు గడ్డి మీద రాలితే కోత యంత్రానికి అడ్డమని చెప్పి, దానిని వాహనాలు నిలిపే చోటికి మార్చారు. త్వరగా పచ్చబడుతుందని మేము కోరిన కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను నిర్మొహమాటంగా నిరాకరించారు. అది ముమ్మాటికీ సరైన నిర్ణయం.

మాది ఎర్ర చల్క నేల కాబట్టి గుంతలలో చెరువు పూడిక మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపారు. ఈ పనిలో వంక పెట్టడానికేమీ లేదు.

లోపమల్లా మొక్కల నాణ్యతలోనే ఉంది. ఒక కానుగ సంచిని చీల్చి చూస్తే వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకొని గట్టిపడి ఉన్నాయి. అలాంటి మొక్క నాటిన తరువాత కూడా వేరు బయటికి పరుచుకోక, గాలివానకు ఒరిగిపోయే ప్రమాదం ఉంటుంది. గట్టిగా అడిగిన మీదటే వాటిని మార్చారు. స్థల నిర్ణయానికి వీరిని నిస్సంకోచంగా పిలవవచ్చు. మొక్కలు కూడా వీరి దగ్గరే కొనేవారు మాత్రం డబ్బు చెల్లించే ముందు కొన్ని సంచులు విప్పించి వేళ్లు చూడాలి.