కారు మీద సోలార్ షవర్: వాడి చూశాక

మైపాడులో సముద్ర స్నానం చేసి, ఒంటినిండా ఉప్పు జిడ్డుతో, కాలివేళ్ల మధ్య ఇసుకతో నెల్లూరు దాకా కారులో కూర్చుని వచ్చినవాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది. కారు పైన క్యారియర్‌కు బిగించుకునే నల్ల గొట్టం ఇది. నీళ్లు నింపి, మూత బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. ఆ ఒత్తిడికి షవర్‌లోంచి నీళ్లు ధారగా వస్తాయి, ప్రయాణంలోనే ఎండకు కాగిపోతాయని కూడా అంటారు.

నా అభిమానమంతా ఆ గాలి ఒత్తిడి మీదే. ఇంతకుముందు చెట్టుకు వేలాడదీసే నల్ల సంచీ వాడేవాళ్లం. అందులోంచి నీళ్లు సన్నగా కారేవి, మా అమ్మాయి జుట్టులో ఇసుక ఎంతకీ వదిలేది కాదు. దీని ధార తలకు గట్టిగా తగులుతుంది. కుదుళ్లలో ఇరుక్కున్న ఇసుక కూడా కొట్టుకుపోతుంది. ఇంటిల్లిపాదీ కడుక్కున్నాక చెప్పులకూ చాపకూ ఇంకా కాసిని నీళ్లు మిగులుతాయి.

ప్రయాణంలోనే నీళ్లు కాగిపోతాయన్నది మాత్రం సగమే నిజం. బండి పరుగెడుతున్నంతసేపూ ఎండ ఇచ్చిన వేడిని ఎదురుగాలి లాగేస్తుంది. ఒంగోలు నుంచి భైరవకోన వెళ్లినప్పుడు దారి పొడవునా ఎండ కాసింది, దిగి చూస్తే నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. బండిని ఎండలో నిలిపి, కొండను తొలిచి కట్టిన శివాలయాలు ఎనిమిదీ తీరిగ్గా చూసి వచ్చేసరికి చక్కగా కాగాయి. రోహిణి కార్తెలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. నిలిపిన బండి మీద నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా మరుగుతాయి. పిల్లల మీద పట్టే ముందు మొదటి నీళ్లు నేల మీద వదిలి, చన్నీళ్లు కలుపుకోవాలి.

ఒకసారి కొత్తపట్నం తీరంలో ఇది మొరాయించింది. ఎంత గాలి కొట్టినా నిలవడం లేదు, షవర్‌లోంచి బొట్లు తప్ప ధార లేదు. అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే మూత మొత్తం మార్చాలి, రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఒంట్లో ఉప్పు చిటపటలాడుతుంటే మూడు వారాల మాట వినడం ఎంత కష్టమో చెప్పలేను. తిరుగుదారిలో పంక్చర్లు వేసే ఒక పెద్దాయన దగ్గర ఆగాం. ఆయన ఏమీ విప్పలేదు. సబ్బు నురగ తెచ్చి మూత చుట్టూ పూసి, “ఇప్పుడు కొట్టండి సార్” అన్నాడు. నాలుగుసార్లు పంపు నొక్కగానే మూత అంచున ఒకే చోట బుడగలు పొంగాయి. లోపలి రబ్బరు వాషర్ ఎండకూ ఉప్పుకూ బిగుసుకుపోయి నెర్రెలిచ్చింది. పాత లారీ ట్యూబు ముక్క మీద ఆ వాషర్‌నే పెట్టి, పెన్నుతో గీత గీసి, బ్లేడుతో కోసి బిగించాడు. గాలి బయటికి పోకుండా పట్టి ఉంచడమే ట్యూబు రబ్బరు పని, అందుకే అది ఇప్పటికీ దిట్టంగా ఉంది. కంపెనీ వాషర్ కన్నా నాకు దాని మీదే నమ్మకం. ఆ ట్యూబు ముక్క మిగిలినది అడిగి తెచ్చుకుని డిక్కీలో పెట్టుకున్నాను.

ఒత్తిడి గొప్పదని అన్నాను కదా, అది మంచి నీళ్లు పోసినంతకాలమే. ప్రకాశం వైపు బోరు నీళ్లు పోస్తే షవర్ రంధ్రాల్లో తెల్లటి పెచ్చు కట్టి ధార పక్కలకు చిమ్ముతుంది. రాత్రంతా నిమ్మరసంలో నానబెడితే పోతుంది, పొదలకూరు నిమ్మకాయలకు మాకు కొదవ లేదు.

మాకు సముద్రం దగ్గర, బండికి క్యారియర్ ముందే ఉంది, సాయంత్రం స్నానాలే ఎక్కువ. కాబట్టి పెట్టిన డబ్బుకు నాకు బాధ లేదు. లీటరుకు కిలో చొప్పున నీళ్ల బరువంతా పైకప్పు మీద పడుతుంది గనుక, మీ బండి ఎంత మోయగలదో కారు కంపెనీ పుస్తకంలో చూసుకోండి. గొట్టానికి వేడి నిలిపే పొర లేదు. చలికాలం తెల్లవారుజామున వేడినీళ్లు కావాలనుకునేవాళ్లకు మాత్రం స్టవ్వూ గిన్నే తప్పవు.