పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్: బ్లాక్ అండ్ వైట్ పియర్ ఫోటోల కోసం కొనొచ్చా?

ముందే చెప్తున్నా, రంగుల్లో తీసేవాళ్లు ఈ చవక ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించి వెలుతురు తగ్గించే ముదురు గాజు) జోలికి పోవద్దు. బ్లాక్ అండ్ వైట్ వాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మాది కడప. సెలవు దొరికితే మద్రాసు రైలెక్కి, అక్కణ్ణుంచి ఈసీఆర్ (తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్) బస్సులో పుదుచ్చేరి పోయి, సముద్రంలోకి స్తంభాల మీద కట్టిన పాత రేవు పియర్‌ను ఫోటోలు తీయడం కొన్నేళ్లుగా అలవాటు. ఆ పని మొత్తం ఈ 77 మి.మీ. స్క్రూ ఫిల్టర్‌తోనే.

పది స్టాపులంటే లెన్సులోకి వచ్చే వెలుతురు సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. అంత ముదురు గాజు చవకగా వస్తే రంగు తేడా కొడుతుంది. నాది గోధుమ రంగుకు లాగుతుంది. గండికోటలో పెన్నా లోయను దీంతో తీస్తే అక్కడి ఎర్రరాయి రంగే మారిపోతుంది, ఎంత దిద్దినా అతకదు. అదే రా ఫైలును (కెమెరా దిద్దకుండా ఇచ్చే మూల ఫైలు) నలుపు తెలుపుకు మార్చామంటే ఆ లోపం కనపడదు. ఖరీదైన ఫిల్టర్లకు పోసే డబ్బులో ఎక్కువ భాగం రంగు చెడకుండా ఉండటానికే. మనకు అక్కర్లేనిదానికి ఎందుకు పెట్టాలి?

ఇక టైమింగ్. ఫిల్టర్ లేకుండా షట్టర్ 1/60 సెకను వస్తే, పెట్టాక 17 సెకన్లు. మబ్బు రోజుకు ఇది అచ్చంగా సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్/11 దగ్గర అయిదు సెకన్లకు మించి రాదు, అలలు సగం సగం కరిగి గజిబిజిగా ఉంటాయి. తెల్లవారకముందు 1/4 సెకను వచ్చే వెలుతురులో నాలుగు నిమిషాలు దాటిపోతుంది, అప్పుడు ఆరు స్టాపులదే మేలు. చాలామంది ఎంత ఎక్కువసేపు తీస్తే అంత గొప్ప అనుకుంటారు. నాకది నచ్చదు. నిమిషాలు దాటితే సముద్రం ఉత్త తెల్లకాగితమే. ఎనిమిది నుంచి ఇరవై సెకన్ల మధ్యలో ఆపితే, పియర్ స్తంభం చుట్టూ నీళ్లు వెనక్కి లాగిన జాడ సన్నగా మిగులుతుంది.

ఆ స్తంభాలను దగ్గరగా చూడండి. అల తాకినంత మేర నల్లగా, పైన పొడి కాంక్రీటు బూడిద రంగులో, తడిసిన కడప బండకూ ఎండిన బండకూ ఉన్నంత తేడా. నీళ్లు తెల్లబడేకొద్దీ కింది నలుపు గట్టిపడుతుంది. అందుకే నీళ్ల తెలుపు చెడని మేరకు కాస్త ఎక్కువే ఎక్స్‌పోజ్ చేస్తాను, లేకపోతే నలుపులో నాచు, పగుళ్లు ఏమీ మిగలవు. 2022 మార్చిలో ఈ పియర్‌లో కొంతభాగం కూలిపోయింది. ఆ తర్వాత నేను తీసినవన్నీ ఆ తెగిన చోటివే.

అసలు బాధ ఉప్పుతోనే. తూర్పు తీరం కాబట్టి పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు, గాజు మీద ఒక్క తుంపర ఉన్నా ఫోటోలో మచ్చే. పొడిగుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. మంచినీళ్లతో కడిగి మెత్తగా అద్దాలి. అల్యూమినియం రింగు మరల్లో ఇసుక చేరితే ఊడిరాదు, నాది ఒకసారి బీచిలోనే బిగుసుకుపోయింది. దొరికితే ఇత్తడి రింగుదే తీసుకోండి. ఇంకోటి, ఫిల్టర్ పెట్టాక వ్యూఫైండర్‌లో ఏమీ కనపడదు కాబట్టి ఫోకస్ ముందే చేసి మాన్యువల్‌కు మార్చాలి. డీఎస్ఎల్ఆర్ అయితే కంటిభాగం మూసేయాలి, వెనకనుంచి వెలుతురు దూరుతుంది. ట్రైపాడ్ తడి ఇసుకలో దిగుతుంది. కాళ్లు లోతుగా గుచ్చి, రెండు అలలు పోనిచ్చి అప్పుడు బటన్ నొక్కండి.

ఫిల్మ్ వాళ్లకు ఒక్క మాట: ఎక్కువసేపు తీస్తే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కాబట్టి, లెక్కకు 16 సెకన్లు వస్తే ఎఫ్‌పీ4 (ఇల్‌ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్) మీద సుమారు 33 సెకన్లు ఇవ్వాలి.

కొనేటప్పుడు మీ దగ్గరున్న పెద్ద లెన్సు సైజుదే తీసుకోండి, చిన్నవాటికి పెద్ద ఫిల్టర్‌ను బిగించే స్టెప్-అప్ రింగు చాలు.