సఫైర్ వాచీకి స్క్రీన్ గార్డు: మూడేళ్లు వాడాక నా మాట

2022 నవంబర్‌లో గార్మిన్ ఫీనిక్స్ 7 సఫైర్ సోలార్ అనే స్పోర్ట్స్ వాచీ కొన్నాను. దాని అద్దం సఫైర్ అనే గట్టి స్ఫటికంతో చేసింది. 47 మిల్లీమీటర్ల సైజు, అద్దం చుట్టూ టైటానియం బెజెల్, అంటే లోహపు కట్టు. తెచ్చిన సాయంత్రమే మా వీధి చివర ఫోన్ సామాన్ల కొట్టుకు వెళ్లి టెంపర్డ్ గ్లాస్ వేయించాను. "ఇంత ఖరీదు వాచీ, గార్డు లేకుండా ఎట్ల సార్?" అని కొట్టతను అంటే నాకూ నిజమే అనిపించింది. ఏడు నెలల్లో మూడు గార్డులు మారాయి. మూడోది పీకేశాక ఇంకోటి వేయించలేదు. అప్పటి నుంచి రెండున్నరేళ్లుగా ఒట్టి అద్దంతోనే వాడుతున్నాను.

నేను వాచీని సున్నితంగా వాడే మనిషిని కాను. వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు జిమ్, ఆదివారం హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో రాళ్లెక్కడం. స్నానానికీ నిద్రకీ కూడా చేతి నుంచి తియ్యను.

మొదటి గార్డు రెండు నెలలు కూడా నిలవలేదు. అంచుల్లోంచి చెమట లోపలికి దిగి, దాని వెంట దుమ్ము చేరి, అద్దం చుట్టూ నల్లగా కట్టింది. రెండోది గుట్టల మీద పోయింది. బండకు చెయ్యి ఆనించి పైకి లేస్తుంటే టిక్కుమని చప్పుడైంది. చూస్తే గార్డు ఈ చివర నుంచి ఆ చివరకు చీలిపోయి ఉంది. గుండె జారిపోయింది. మెల్లగా పీకి చూస్తే కింద అద్దానికి ఏమీ కాలేదు. గార్డు ఉండబట్టే వాచీ బతికిందని ఆ వారమంతా కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గార్డు పగిలిందంటే, తగిలిన దెబ్బ ఆ గార్డును పగలగొట్టగలిగినంతదని మాత్రమే అర్థం. అర మిల్లీమీటరు మందం కూడా లేని గాజు అది, చిన్న దెబ్బకే చీలుతుంది. అదే దెబ్బ కింద ఉన్న సఫైర్‌ను పగలగొట్టేదని ఎలా చెప్పగలం? పైగా గార్డు అంటించాక దాని అంచు బెజెల్ కంటే పైకి వచ్చేస్తుంది. బండను ముందుగా తాకేది అదే.

మూడోది పగల్లేదు, కానీ నన్ను ఎక్కువ విసిగించింది అదే. నాలుగు నెలలకల్లా సన్నటి గీతలతో మసకబారింది. ఎండలో పరుగెత్తేటప్పుడు ఆ గీతలన్నీ వెలుగు పట్టుకుని మెరుస్తుంటే మ్యాప్ కనిపించేది కాదు. ఈ వాచీ తెర ఎండ వెలుగును వాడుకుని కనిపించే రకం. ఎంత ఎండ ఉంటే అంత స్పష్టంగా ఉండాలి. తెర అద్దం కిందే సోలార్ పొర కూడా ఉంది, దానికి చేరాల్సిన వెలుగుకు కూడా మసకబారిన గాజు అడ్డమే. నా డబ్బుతో నేనే ఆ రెండింటినీ పాడుచేసుకుంటున్నానని అర్థమై, ఆ రాత్రే పీకేశాను.

గార్డు డబ్బా మీద పెద్దక్షరాలతో 9హెచ్ అని ఉంటుంది. సఫైర్ గట్టిదనం కూడా 9 అని ఎక్కడో చదివి, రెండూ సమానమే కదా అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అవి రెండు వేర్వేరు కొలతలు. 9హెచ్ అనేది పెన్సిల్ కొలత. మనం స్కూల్లో డ్రాయింగుకు వాడిన హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్ల వరసలోదే. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని దాని అర్థం. పెన్సిల్ ములుకు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసింది, అది గాజును గీయలేకపోవడంలో వింతేమీ లేదు. సఫైర్‌కు చెప్పే 9 మాత్రం మోస్ కొలమానంలోది. 1812లో ఫ్రెడ్రిక్ మోస్ ఖనిజాలను ఏది దేన్ని గీయగలదో చూసి వరస పెట్టాడు. అందులో క్వార్ట్జ్ 7, టోపాజ్ 8, సఫైర్ 9, వజ్రం 10. మామూలు గాజు 5.5 దగ్గర ఉంటుంది. టెంపర్ చేస్తే గాజు విరగకుండా తట్టుకునే బలం పెరుగుతుంది కానీ, గీతలు పడకుండా ఉండే గుణం అంతగా మారదు.

సఫైర్ అంటే మన నీలమే. శని కోసం ఉంగరంలో పెట్టించుకునే నీలం, కెంపు, రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. అందులో రవ్వంత ఇనుము, టైటానియం చేరితే నీలి రంగు వస్తుంది. వాచీల కోసం ఏ కల్తీ లేకుండా ఫ్యాక్టరీలో పెంచుతారు కాబట్టి నీళ్లలా తేటగా ఉంటుంది.

ఇక మన చుట్టూ ఉన్నవి చూడండి. హైదరాబాద్ బండలు గ్రానైట్. అందులో ఉండే ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, అదీ ఎక్కువగా క్వార్ట్జే. సిమెంటు గోడలోనూ ఇసుకే. ఇవన్నీ గాజు గార్డును గీస్తాయి, సఫైర్‌ను గీయలేవు. గార్డు మీద మీరు చూసి భయపడే గీతలు ఆ గార్డు వేసుకోవడం వల్లే మీకు కనిపిస్తున్నాయి!

రెండున్నరేళ్లలో ఒక్కసారి మాత్రం నాకు చెమటలు పట్టాయి. జిమ్‌లో బార్ ఎత్తి దించాక చూసుకుంటే అద్దం మీద బూడిదరంగు గీత, వేలి గోరంత పొడవు. తుడిస్తే పోలేదు. ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. మా అమ్మాయి పెన్సిల్ రబ్బరు తీసుకుని రుద్దితే మెల్లమెల్లగా చెరిగిపోయింది. అద్దం కంటే మెత్తనైన లోహం అద్దానికి రాసుకుని, తన పొరనే దాని మీద వదిలింది. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది గీత కాకపోవచ్చు. కొన్ని వాచీల్లో సఫైర్ పైవైపు మెరుపు తగ్గించే పూత ఉంటుంది, గీతలు పడేది ఆ పూతకే అయి ఉండవచ్చు. అలాంటి వాచీ అయితే గట్టిగా రుద్దకండి.

సఫైర్‌ను గీసేవి లేవని కాదు. వజ్రం గీస్తుంది. అందుకే రవ్వల గాజులు, దుద్దులు ఉన్న బీరువా సొరుగులో నేను వాచీ పెట్టను. ఎమరీ కాగితంలో ఉండేది కురువిందమే, గ్రైండింగ్ వీల్‌లోనూ ఎక్కువగా అదే లేదా అంతకంటే గట్టి సిలికాన్ కార్బైడ్ ఉంటుంది. వెల్డింగ్ షాపులోనో టైల్స్ కోత దగ్గరో పనిచేసేవాళ్లు గార్డు వేయించుకుంటే నేను కాదనను. అయితే పని వేళల్లో వాచీ తీసి జేబులో పెట్టుకోవడం ఇంకా మంచిది. ఇదే ఫీనిక్స్ 7లో గొరిల్లా గ్లాస్ ఉన్న మోడల్ వాడేవాళ్ల సంగతి కూడా వేరు. దాన్ని ఇసుక గీస్తుంది, గార్డు పనికొస్తుంది.

గార్డు వైపు న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సఫైర్ మామూలు గాజు కంటే వెలుగును ఎక్కువ తిప్పికొడుతుంది. గాజు ఒక వైపు నుంచి 4 శాతం వెలుగును వెనక్కి పంపితే, పూత లేని సఫైర్ 7 నుంచి 8 శాతం పంపుతుంది. గార్డు కొత్తలో, జిగురు అంతటా సరిగ్గా పట్టినన్నాళ్లూ, ఆఫీసులో ట్యూబ్‌లైటు మెరుపు కాస్త తక్కువగా అనిపించింది. ఆ సుఖం నెలా రెండు నెలలే.

ఈ మూడేళ్ల గుర్తులన్నీ బెజెల్ మీద ఉన్నాయి. టైటానియం తేలికైన, బలమైన లోహమే కానీ గ్రానైట్ దాన్ని గీస్తుంది. ఎడమవైపు రెండు లోతైన గీతలు, కింద అంచున ఒక చిన్న సొట్ట. ఆ సొట్ట పడిన రోజు నాకు బాగా గుర్తుంది, కాలు జారి ముంజేతి మీద పడ్డాను. మోచేయి దోక్కుపోయింది, అద్దానికి ఏమీ కాలేదు. నేను వేయించిన గార్డులేవీ బెజెల్‌ను కప్పలేదు.

నాకు మిగిలిన భయం ఒక్కటే, పగలడం. గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. సఫైర్‌కు సాగే గుణం లేదు. సూదిమొనలాంటి దెబ్బ ఒకేచోట పడితే పగులుతుంది, అక్కడ కెమికల్‌గా గట్టిపరిచిన గాజే ఎక్కువ తట్టుకుంటుంది. మా రన్నింగ్ గ్రూపులో ఒకతని సఫైర్ వాచీ వేరే కంపెనీది, బాత్రూమ్ టైల్స్ మీద పడి పగిలింది. పైన గార్డు కూడా ఉంది. రెండూ కలిసే పగిలాయి. వాచీ చేతికి ఉన్నప్పుడు పగిలే అవకాశం తక్కువ, చేతి నుంచి జారేది విప్పేటప్పుడూ పెట్టుకునేటప్పుడే. అందుకే పట్టీ కడగాలన్నా, వెనకవైపు తుడవాలన్నా సింకు దగ్గర నిలబడి విప్పడం మానేశాను. మంచం మీద కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని విప్పుతాను.