స్కూబా క్లాసు, స్టీలు గ్లాసులు

కొండాపూర్ వైపు ఒక స్విమ్మింగ్ పూల్‌లో వారాంతాల్లో నడిచే స్కూబా కోర్సు (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదడం) గురించి ఈ రివ్యూ. టొరంటోలో ఉన్న మా తమ్ముడు "ఈసారి వస్తే టోబర్‌మోరీ తీసుకెళ్తానక్కా" అన్నాడు. అది కెనడాలో హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ బిగ్ టబ్ హార్బర్ అనే రేవులో స్వీప్‌స్టేక్స్ అనే తెరచాప ఓడ మునిగి ఉంది. దాన్ని నీళ్లలోకి దిగి చూడాలని చేరాను.

ఓడ పేరు చెప్పగానే మా కోచ్‌కి హుషారొచ్చింది. ఆ రోజు థియరీ అంతా దాని మీదే. 1867లో కెనడాలోనే బర్లింగ్టన్‌లో కట్టారు, పొడవు 119 అడుగులు. 1885 ఆగస్టులో కోవ్ ఐలాండ్ దగ్గర దెబ్బతింటే టగ్ బోటుతో రేవులోకి లాక్కొచ్చారు. బాగుచేయడం కుదరక సెప్టెంబరులో అక్కడే మునిగింది. అందులోని బొగ్గును మాత్రం తర్వాత పైకి తీసుకున్నారట, వ్యాపారం వ్యాపారమే! లోతు 20 అడుగులే. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు హ్యూరాన్ సరస్సు మంచినీటిలో బతకదు, చలి కూడా కలిసొచ్చింది. అందుకే ముందుభాగంలో లంగరు లాగే యంత్రం ఇంకా అలాగే ఉంది. ఓడ లోపలికి మాత్రం డైవర్లు వెళ్లకూడదు.

ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది ఆ తర్వాతి క్లాసులో. కోచ్ పూల్ అడుగున స్టీలు గ్లాసులు వరసగా బోర్లించాడు. వాటి మీదుగా ఏదీ తగలకుండా తేలుతూ వెళ్లాలి. ఒంటికి వేసుకున్న గాలి నింపే జాకెట్‌లో గాలి ఎక్కువైతే పైకి లేస్తాం, తక్కువైతే కాలికి తొడిగిన ఫిన్ గ్లాసుకి తగిలి నీళ్లలోనే టంగుమంటుంది. ఊపిరి పీలిస్తే కాస్త పైకి, వదిలితే కిందికి. అలా ఊపిరితోనే సర్దుకోవాలి. "గ్లాసు పడితే మళ్లీ బోర్లిస్తాను మేడమ్, ఓడ చెక్క విరిగితే ఏం చేస్తాం?" అన్నాడు.

ఇక ఇబ్బందులు. వెట్‌సూట్లు రెండే సైజులు, నాకు మెడ దగ్గర పట్టేసింది. ఆడవాళ్ల గది గడియ సరిగా పడదు. సర్టిఫికెట్ కావాలంటే గోవాకో పాండిచ్చేరికో వెళ్లి సముద్రంలో డైవ్ చేయాలి. ఆ ఖర్చు వేరే అన్న సంగతి అడిగితేగానీ చెప్పలేదు. చేరేముందే తేల్చుకోండి.

ఓడని ఊరికే చూస్తే చాలనుకునేవాళ్లకి ఈ కోర్సు దండగ. టోబర్‌మోరీలో అడుగున అద్దం బిగించిన పడవలు తిరుగుతాయి, పైనుంచే కనిపిస్తుంది. మా అమ్మ అందులో వస్తానంది.